గవదబిళ్లల కోరం

అంటువ్యాధి అంటే ఏమిటో నాకు నిరుడు జూలై దాకా తెలియదు. ఇరవై రెండేళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నవాణ్ణి. ఒకరి నుంచి మరొకరికి సోకేది అంటువ్యాధి అని ఏటా పిల్లల చేత నోట్సు రాయిస్తూ వచ్చాను. అది తప్పట. జిల్లా కార్యాలయం వారి సర్క్యులర్ విన్నాకగాని నా అజ్ఞానం తొలగలేదు.

మాది బొంతుమెట్ట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. నూట ఎనభై మంది పిల్లలు, తొమ్మిది మంది ఉపాధ్యాయులు, గొళ్ళెం పడని మరుగుదొడ్డి ఒకటి. మా ప్రధానోపాధ్యాయులు పట్నాయకుని విశ్వనాథం గారు ఆ సర్క్యులర్‌ను స్టాఫ్ రూములో నిలబడి చదివి వినిపించారు. ఆయన ఏ సర్క్యులర్‌నైనా నిలబడే చదువుతారు. "ఒకే పాఠశాలలో, ఒకే దినమున, ఒకే వ్యాధితో కనీసము పదిమంది విద్యార్థులు బాధపడుచున్నప్పుడు మాత్రమే దానిని అంటువ్యాధిగా పరిగణించవలెను. పదికి తగ్గినచో అది సదరు విద్యార్థుల వ్యక్తిగత అనారోగ్యము" అన్నది మొదటి నిబంధన. పదిమంది కోరం పూర్తయిన పాఠశాలకు వైద్యబృందమే తరలి వస్తుంది. బృందం రాకముందు బడి పిల్లలను ఏ ప్రభుత్వాసుపత్రిలోనూ విడిగా చూడరాదు, చూస్తే ఒకే రోగం రెండు చోట్ల నమోదయ్యే ప్రమాదముంది. ఆఖరుది ఏమిటంటే, రోగి బడికి హాజరైతేనే కోరం లెక్కలోకి వస్తాడు, ఇంట్లో పడుకున్నవాడు రాడు.

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అంతకు ముందు ఏడు ఎక్కడో ఒక బడిలో కళ్ళకలక వచ్చిందంటే డాక్టరు జీపు వేసుకుని వెళ్ళాడట. తీరా చూస్తే ఒక్క పిల్ల. ఒక్క పిల్ల కోసం ప్రభుత్వ జీపు కదలడం ఎంత నామోషీయో పైవాళ్ళ మనసుకు బాగా పట్టింది. పంచాయతీ సమావేశానికి కోరం ఉంది, శాసనసభకు కోరం ఉంది. రోగానికి మాత్రం ఎందుకుండకూడదని ఎవరో మహానుభావుడు ఆలోచించాడు.

సర్క్యులర్ వచ్చిన వారానికి ఏడో తరగతి పిల్ల లెంక నీలవేణి ఎడమ చెంప వాచి బడికి వచ్చింది. చూడగానే తెలిసిపోయింది, గవదబిళ్లలు. నీలవేణివి పాము చెవులు. నేను బోర్డు వైపు తిరిగి ఉన్నప్పుడు వెనక బల్లలో ఎవడు ఏం గొణిగాడో పొల్లుపోకుండా అప్పజెప్పేది ఆ పిల్లే. అందుకని క్లాసులో సగం మందికి దానిమీద కోపం, నాకు మాత్రం ముద్దు. ఆ రోజు అది ఏమీ అప్పజెప్పలేదు. చెంప చేత్తో పట్టుకుని బల్ల మీద తల వాల్చేసింది.

"ఇంటికి పంపేద్దామండి," అన్నాను విశ్వనాథం గారితో.

"పంపితే లెక్కలోకి రాదు కదా సత్యానందం గారూ," అన్నారాయన.

మూడు రోజుల్లో ఏడుగురయ్యారు. వాళ్ళను చివరి గదిలో విడిగా కూర్చోబెట్టాను. నాలుగో రోజున నీలవేణి తల్లి పోలమ్మ, జీడిపిక్కల కార్ఖానాలో పని మానుకుని, కూతుర్ని ఎనిమిది కిలోమీటర్ల అవతలున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం బడి వదలకముందే ఇద్దరూ మళ్ళీ మా గేటు దగ్గరున్నారు.

"సూడనన్నారు మేస్టారూ," అంది పోలమ్మ. "నర్సమ్మ సీటీ రాయబోయి, గుంట ఎన్నో కలాసు అనడిగింది. ఏడు అన్నాను. అంతే, కలం మూసీసింది. బడి గుంటలైతే డాట్రుగారే బడికొచ్చి సూత్తారంట. ఈ లోపల ముట్టుకుంటే ఆవిడికి మెమో ఇత్తారంట."

ఆమె గొంతులో కోపం లేదు. ఏం చేయాలో తెలుసుకుందామన్న ఆత్రం ఒక్కటే ఉంది.

"జొరం తగ్గిపోనాది గానీ, ఎడం సెవిలో గుయ్యిమని మోత మోగతందంటంది. ఆ పక్క నించి పిలిస్తే పలకడం నేదు. పట్నం ఎల్లమంటారా?"

"అంత దూరం ఎందుకమ్మా, రేపో ఎల్లుండో డాక్టరే వస్తారు," అన్నాను. ఆ మాట అన్నప్పుడు అది అబద్ధమని నాకు తెలియదు. తెలిసిన తరువాత కూడా ఇంకో రెండుసార్లు అదే మాట చెప్పాను. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆ సాయంత్రమే విశ్వనాథం గారి గదిలోంచి నోడల్ అధికారికి ఫోను చేశాం. ఆయన పేరు దుప్పల రాజగోపాలం. అంటువ్యాధుల బాధ్యత అప్పగించక ముందు ఆయన పాఠ్యపుస్తకాల పంపిణీ చూసేవారు. పుస్తకాలు మిగిలిన బడి నుంచి తీసి చాలని బడికి సర్దడంలో జిల్లాలో ఆయనను మించినవారు లేరని ప్రతీతి.

"ఏడుగురా? చాలా సంతోషం," అన్నారు రాజగోపాలం గారు. "అనగా మీ పాఠశాల డెబ్బై శాతం ప్రగతి సాధించినట్టు. మిగతా ముప్పై శాతానికి క్షేత్రస్థాయిలో ఏం కృషి జరుగుతోంది?"

"అందులో ఒక అమ్మాయికి చెవి వినపడటం లేదంటోందండి. ఆ ఒక్క పిల్లనైనా ముందు డాక్టరుకు చూపిస్తే..." అన్నాను.

"చెవి ప్రొఫార్మాలో లేదండి. చెంప ఉంది. సరే, రోగులను ఎలా కూర్చోబెట్టారు?"

"విడిగా, చివరి గదిలోనండి."

"అదుగో, అక్కడే మీరు మార్గదర్శకాల స్ఫూర్తికి దూరమవుతున్నారు. విడిగా కూర్చోబెట్టి లక్ష్యం చేరమంటే ఎలా చేరతారు? ఒక్కొక్కరిని ఇద్దరేసి ఆరోగ్యవంతుల మధ్య కూర్చోబెట్టండి."

"అలా చేసినా, ఈ జబ్బు సోకి బయటపడటానికి పదహారు పద్దెనిమిది రోజులు పడుతుందండి."

"అంత జాప్యమా? నెలాఖరుకు నివేదిక పంపాలి కదండీ. మీరు సైన్సు వారు, త్వరపరిచే మార్గం ఏదైనా ఉందేమో చూడండి," అని పెట్టేశారు.

విశ్వనాథం గారు చెడ్డవారు కారు. పదవీ విరమణకు పదకొండు నెలలుంది, సర్వీసు మొత్తంలో ఒక్క మెమో తీసుకోలేదు. ఆ సర్వీసు రికార్డు మీద మచ్చ పడకూడదన్నదే ఆయనకున్న ఏకైక భక్తి. మర్నాడు తెల్లకాగితం మీద అన్ని తరగతుల బల్లలూ గీసి, రోగులున్న చోట ఎర్రసిరాతో సున్నాలు చుట్టారు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఒకచోట పడకుండా జాగ్రత్త తీసుకున్నారు, ఎందుకంటే వాళ్ళకు ఎలాగూ ఇంట్లో సోకుతుంది.

"ఇది పాపం కదండీ," అన్నాను.

"పాపమేనండి. కానీ కాగితం ప్రకారం నడిచి చెడిపోయినవాణ్ణి నా సర్వీసులో నేను చూడలేదు," అన్నారు సున్నాలు చుడుతూనే.

రెండు రోజులకు మండల కార్యాలయం నుంచి ఒక సీనియర్ అసిస్టెంటు టైలరు టేపు పట్టుకుని వచ్చాడు. అతనితో పాటు ఒక స్పష్టీకరణ పత్రం కూడా వచ్చింది. రెండు చెంపలూ వాచిన విద్యార్థిని ఒక కేసుగాను, ఒకే చెంప వాచిన విద్యార్థిని అర కేసుగాను లెక్కించవలెను. పిల్లలను వరసగా నిలబెట్టి చెంపలు కొలిచాడు. ఏడుగురిలో ముగ్గురికి ఒకవైపే వాచింది. అయిదున్నర అని రాసుకున్నాడు. పుట్టుకతోనే బూరెబుగ్గలున్న ఎనిమిదో తరగతి కామేశ్వర్రావును కూడా కొలవమని విశ్వనాథం గారు ఆశగా ముందుకు తోశారు గాని, అసిస్టెంటు నిజాయితీపరుడు, ఒప్పుకోలేదు.

నీలవేణి ఆ సాయంత్రం నా దగ్గరకు వచ్చి నా ఎడమవైపు నిలబడింది. అప్పటికే ఆ పిల్ల ఎవరితో మాట్లాడినా తన కుడి చెవి అటు తిప్పడం అలవాటు చేసుకుంది.

"నాది అరేనంట గదా మేస్టారూ. మరి నాకు మందు కూడా సగమే ఇత్తారా?"

"పూర్తిగానే ఇస్తారులే," అన్నాను.

అయితే రోగానికి క్రమశిక్షణ లేదు. మొదట వచ్చినవాళ్ళకు తొమ్మిదో రోజుకల్లా వాపులు దిగిపోవడం మొదలైంది. పన్నెండో రోజుకు అయిదున్నర కాస్తా రెండున్నరకు వచ్చింది. వెంటనే మెమో రానే వచ్చింది. "మీ పాఠశాలయందు రోగుల సంఖ్య క్షీణించుటకు గల కారణములను మూడు దినములలో తెలియజేయవలెను." విశ్వనాథం గారి జీవితంలో అదే తొలి మెమో. పాపం ఆ రోజు అన్నం తినలేదు. పిల్లలు కార్యాలయ అనుమతి లేకుండా కోలుకున్నారనీ, ఇకపై ఇటువంటివి పునరావృతం కాకుండా చూస్తామనీ సమాధానం రాసి సంతకం పెట్టారు.

నీలవేణి చెంప కూడా తగ్గింది. జాబితాలోంచి పేరు కొట్టేశారు. చెవి మాత్రం అలాగే ఉంది. క్లాసులో ఆ పిల్లకు ఎడమవైపు నిలబడి రెండుసార్లు పేరు పెట్టి పిలిచాను, తల ఎత్తలేదు. పక్కపిల్ల మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి లేచి, నేను అడగని ప్రశ్నకు జవాబు చెప్పింది. క్లాసంతా నవ్వింది. అది కూడా నవ్వింది, ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే.

పోలమ్మ మళ్ళీ వచ్చింది. "ఎప్పుడొత్తారు బాబూ డాట్రుగారు?" అంది. దగ్గరపడిందమ్మా అన్నాను.

దగ్గరపడిందన్నది ఒకరకంగా నిజమే. రాజగోపాలం గారిలో పాఠ్యపుస్తకాల నాటి చైతన్యం మేల్కొంది. మండలంలో అయిదు బడుల్లోనూ గవదబిళ్లలున్నాయి, అన్నీ కలిపితే పది దాటుతున్నాయి, ఏ ఒక్క బడిలోనూ పది లేవు. ఇంతమంది రోగులుండి కూడా ఏ బడికీ కోరం లేకపోవడం వనరుల దుర్వినియోగమని ఆయన తేల్చారు. ఉపాధ్యాయులకు ఏటా జరిపే సర్దుబాటే రోగులకూ జరపాలని ఉత్తర్వు వచ్చింది. దాని పేరు రోగుల హేతుబద్ధీకరణ. మా బడిని లోటు పాఠశాలగా ప్రకటించారు.

ఏ రోగి ఏ బడికి పోవాలో ఎంచుకునే కౌన్సెలింగు మండల వనరుల కేంద్రంలో జరిగింది. గోడకు తాత్కాలిక సీనియారిటీ జాబితా అంటించారు. వాపు వచ్చిన తేదీని బట్టి సీనియారిటీ, తేదీ ఒకటే అయితే వయసును బట్టి. అభ్యంతరాలకు గంట గడువు. ఒక తండ్రి తన కొడుక్కి శుక్రవారమే వాచిందనీ, జాబితాలో శనివారం పడిందనీ పట్టుబట్టి దిద్దించుకున్నాడు. దానివల్ల ఏం ఒరుగుతుందో ఆయనకూ తెలియదు. జాబితా అన్నాక అందులో పైకి పోవాలన్నది మన రక్తంలో ఉంది. తీరా పిలిచేసరికి సీనియర్లందరికీ వాపులు తగ్గిపోయి అనర్హులయ్యారు, జూనియర్లే మిగిలారు.

ఒక ముసలమ్మ మనవడి చెయ్యి పట్టుకుని బల్ల ముందుకు వచ్చింది. "ఈడిని ఇంటికి తీసుకుపోనీండి బాబూ. జావ కాసి తొంగోబెడతాను," అంది.

రాజగోపాలం గారు కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పి, ఎంతో మర్యాదగా చూపించారు. "ఇక్కడ బడులే ఉన్నాయమ్మా. ఇల్లు అనే ఆప్షన్ ఇవ్వలేదు."

మర్నాడు అయిదుగురు పిల్లలు రిలీవింగ్ ఉత్తర్వులు పట్టుకుని, జ్వరంతో వణుకుతూ, రెండు ఆటోల్లో మా బడికి వచ్చారు. విశ్వనాథం గారు ఒక్కొక్కరి దగ్గరా జాయినింగ్ రిపోర్టు తీసుకుని, ఎర్రసున్నాల ప్రకారం కూర్చోబెట్టారు. అదే వారంలో ఆయన మొదట చేసిన కృషి కూడా ఫలించింది. పిల్లలను కలిపి కూర్చోబెట్టిన పదిహేడో రోజు నుంచి కొత్త చెంపలు వాచసాగాయి. ఆయనవి కూడా వాచాయి, రెండు వైపులా. తనను ఒక కేసుగా పరిగణించమని ప్రాధేయపడుతూ ఉత్తరం రాశారు. సిబ్బందిని లెక్కలోకి తీసుకోవడం కుదరదని జవాబు వచ్చింది. అందుకని ఆయన ఒట్టినే బాధపడ్డారు.

ఇరవయ్యో రోజున తొమ్మిదిన్నర దగ్గర ఆగిపోయాం. తొమ్మిది మందికి రెండు వైపులా, ఒకడికి ఒకే వైపు. ఒక్క చెంప తక్కువ. ఆ వారమంతా ఉదయం ప్రార్థన అయ్యాక అర కేసులందరినీ ముందుకు పిలిచి విశ్వనాథం గారు చెంపలు తడిమి చూసేవారు. ఆయన తలకు కట్టుకున్న మఫ్లరు, ఆ వాచిన మొహంలో ఆ ఆదుర్దా చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఇరవై ఒకటో రోజున తొమ్మిదో తరగతి కుర్రాడొకడికి రెండో చెంప కూడా వాచింది. విశ్వనాథం గారు వాణ్ణి వేదిక మీదకు ఎక్కించి, వీడి వల్ల మన బడికి డాక్టరు వస్తున్నాడర్రా అని చెప్పి చప్పట్లు కొట్టించారు. వాడికి నూట రెండు జ్వరం. నూట ఎనభై మంది కొట్టారు. నేనూ కొట్టాను. డాక్టరు వస్తే నీలవేణిని చూస్తారు కదా అనుకుంటూ కొట్టాను.

మర్నాడు బృందం వచ్చింది. గేటుకు బ్యానరు, వేదిక మీద మైకు, రాజగోపాలం గారి మెడలో దండ. డాక్టరు మా ఆరోగ్య కేంద్రంలోనే పనిచేసే హరిప్రియ అనే చిన్నావిడ. జీపు దిగుతూనే వరండాలో నిలబడ్డ పదిమందినీ చూసి ఆగిపోయింది.

"ఇంత జ్వరంతో వీళ్ళను బడికి ఎవరు రమ్మన్నారు?"

ఆవిడ పదిమందినీ పదకొండు నిమిషాల్లో చూసేసి, మందులిచ్చి, ఇళ్ళకు పోయి పడుకోమంది. పిల్లలు వేదిక వైపు అనుమానంగా చూశారు. పైన రాజగోపాలం గారు సమష్టి కృషికి ఇది నిదర్శనమనీ, ఈ నమూనాను జిల్లా అంతటా విస్తరింపజేస్తామనీ ప్రసంగిస్తున్నారు.

పోలమ్మ అప్పటికే గేటు దాటి వచ్చింది. ఎవరినీ అడగకుండా కూతుర్ని తెచ్చి డాక్టరు ముందు నిలబెట్టింది. విషయం నేను చెప్పాను. హరిప్రియ గారు పిల్ల వెనక్కు వెళ్ళి, కుడి చెవి అరచేత్తో గట్టిగా మూసి, ఎడమ చెవి దగ్గర "నీలవేణీ" అని పిలిచింది. ఇంకోసారి గట్టిగా పిలిచింది. ఆ పిల్ల తల్లి మొహంలోకి చూస్తూ కదలకుండా నిలబడి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"వాపొచ్చిన నాలుగో నాడే సెప్పినాదమ్మా. ఆ రోజే మీ ఆస్పత్రికి తీసుకొచ్చినాను."

డాక్టరు నా వైపు, విశ్వనాథం గారి వైపు చూసింది. "ఆ రోజే నేను చూసి ఉంటే ప్రయత్నించడానికి ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు పెద్దాసుపత్రికి రాస్తాను, పరీక్షలు చేస్తారు. ఈ చెవి తిరిగి వస్తుందని మాత్రం నేను చెప్పలేనమ్మా," అని చీటీ రాయడం మొదలుపెట్టింది.

ప్రసంగం ఆపి రాజగోపాలం గారు గబగబా దిగి వచ్చారు. "క్షమించాలి డాక్టరు గారూ. ఈ విద్యార్థిని నేటి పదిలో లేదు, కోలుకున్నవారి జాబితాలో ఉంది. పైగా చెవుడు అంటువ్యాధి కాదు గనుక ఈ బృందం పరిధిలోకి రాదు. నా ముద్ర లేనిదే ఆ చీటీ పెద్దాసుపత్రిలో చెల్లదు. నేను ముద్ర వేయాలంటే నిబంధన ఉండాలి."

డాక్టరు ఏదో గట్టిగా అనబోయింది. ఈలోగా పోలమ్మ ఆయన ముందుకు వచ్చి నిలబడింది. ఆమె మొహంలో వెటకారం లేదు. దరఖాస్తుకు ఎన్ని ఫొటోలు కావాలని అడుగుతారే, అలా అడిగింది.

"మరి సెవుడికైతే ఎంతమంది కావాల బాబూ? ఎంతమంది గుంటలకొత్తే ముద్దరేత్తారు?"

నేను తల దించుకున్నాను. విశ్వనాథం గారు మఫ్లరు మొహం మీదకు లాక్కున్నారు. రాజగోపాలం గారికి మాత్రం ఆ ప్రశ్నలో వింతేమీ కనిపించలేదు. "ఉండమ్మా, చూసి చెబుతాను," అని జేబులోంచి సర్క్యులర్ తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టారు.